పది అంగుళాల చక్రం

1976లో పెరంబూరులో మేము కాపురమున్న వీధికంతటికీ స్కూటర్ ఒక్కటే ఉండేది. అది మా ఎదురింటి బ్యాంకు గుమాస్తాగారి చేతక్. ఒక ఆదివారం పొద్దున నేను అమ్మ కుట్టుమిషను టేపు పట్టుకొని, ఆ స్కూటర్ ముందు గొంతుక్కూర్చొని చక్రం కొలుస్తూ ఆయనకు దొరికిపోయాను. ఆయన కోప్పడలేదు. ఒంగి, టైరు పక్కన అచ్చుపడి ఉన్న 3.50–10 అనే అంకెలను వేలితో చూపించి, "కొలవడమెందుకు అబ్బాయ్, రాసే ఉంది కదా! మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము కొలత. పది అంగుళాలు" అన్నారు. నాకు కావలసింది ఆ రెండో అంకె. నేను చదివినది నిజమే అయితే, ప్రపంచంలోకెల్లా వేగంగా పరుగెత్తే కార్లలో ఒకదాని ముందు చక్రాలు సరిగ్గా ఈ చేతక్ చక్రమంత ఉన్నాయి. అటువంటివి నాలుగు ఉన్నాయి. వెనుక మామూలు పెద్ద చక్రాలు రెండు కలిపితే మొత్తం ఆరు.

ఆ సంగతి నాకు మూర్ మార్కెట్టులో తెలిసింది. సెంట్రల్ స్టేషను పక్కన ఎర్రటి గోడలతో నిలబడి ఉండిన ఆ మార్కెట్టులో పాత పుస్తకాల కొట్లు వరుసగా ఉండేవి. మా చిన్నాన్న నెలకొకసారి జీతం రాగానే నన్ను అక్కడికి తీసుకుపోయేవాడు. ఆయనకు కావలసినవి మరమగ్గాల, లేతు యంత్రాల పాత క్యాటలాగులు. నాకు కావలసినవి బొమ్మలు ఎక్కువగా ఉండే పుస్తకాలు ఏవైనా సరే. కొట్టు యజమాని గూడూరువైపు మనిషి. మా మాట వినగానే తెలుగులోకి దిగేవాడు, అయినా బేరంలో మాత్రం కనికరం ఉండేది కాదు. ఆ రోజు రూపాయి పావలాకు కొన్న, ఆరేడు నెలల పాతదైన ఇంగ్లీషు మోటారు పత్రిక నడి పేజీలో ఆ కారు కనిపించింది. నీలం రంగు ఒళ్ళు, పారలా చదునుగా ఉన్న ముక్కు, ఆ ముక్కు వెనుక ఒకదాని వెంట ఒకటిగా పక్కకు రెండేసి బుల్లి చక్రాలు. అచ్చు తప్పో, ఎవరో అతికించిన తమాషా బొమ్మో అనుకున్నాను.

అలా అనుకున్నది నేనొక్కడినే కాదని తరువాత తెలిసింది. 1975 సెప్టెంబరులో లండన్ హీత్రో విమానాశ్రయం దగ్గరి హోటల్లో ఈ కారును విలేకరులకు చూపించినప్పుడు, దానిమీద కప్పిన గుడ్డ కింద ముందు చక్రాలు ఉండవలసినచోట తీగ వలయాలు అమర్చి, అది మామూలు కారేనని భ్రమ పుట్టేలా చేశారట. గుడ్డ వెనుకనుంచి ముందుకు లాగుతూ వచ్చి, చివరికి ఆ నాలుగు చిన్న చక్రాలు బయటపడేసరికి చూస్తున్నవాళ్ళలో చాలామంది ఇది పరిహాసమనే అనుకున్నారు. ఆ రేసు కారు పేరు టైరెల్ పీ34. పీ అంటే ప్రాజెక్టు. అంతకుమించి పేరుకు అర్థమేమీ లేదు.

టైరెల్ అన్న పేరు చూసి, ఆయన టైర్ల వ్యాపారి కాబోలనుకున్నాను. ఆ పత్రికను అర్థమైనంత మేరకు చదివి చిన్నాన్నే సరిదిద్దాడు. కెన్ టైరెల్ కలప వ్యాపారి. ఇంగ్లండులో సర్రీ ప్రాంతంలోని ఆకమ్ అనే ఊళ్ళో ఆయనకు కలప అడితి ఉండేది. ఆ అడితి ఆవరణలోని షెడ్డుల్లోనే ఆయన జట్టు రేసు కార్లు తయారయ్యేవి. జాకీ స్టీవర్ట్ 1971లోనూ 1973లోనూ ప్రపంచ విజేత అయినది ఆ షెడ్డుల్లోంచి వచ్చిన కార్లతోనే. వాటిని గీసినవాడు డెరెక్ గార్డ్‌నర్. ఆయన అంతకుముందు ఫెర్గూసన్ సంస్థలో నాలుగు చక్రాలకూ శక్తినందించే పద్ధతిమీద పనిచేసినవాడు. టైరెల్ జట్టుకు 1970లో తొలి కారును తన ఇంట్లోనే గుట్టుగా రూపుదిద్దినవాడు. "అడితిలో పుట్టిన బండి అయితే మనం కొయ్యతో చేయడంలో తప్పేముంది?" అన్నాడు చిన్నాన్న. ఆ మాటతోనే మా ఇంట్లో ఇంకొక పీ34 మొదలైంది.

చిన్నాన్న అంబత్తూరు ఎస్టేటులోని ఒక చిన్న వర్క్‌షాపులో టర్నరు. నాన్న పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. నెల్లూరు జిల్లానుంచి వచ్చిన అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. ఇద్దరికీ ఇనుముతోనే పని గనుక భోజనాల దగ్గర మాటలన్నీ కొలతల చుట్టూ తిరిగేవి. నేను ఆ బొమ్మను కంచాల పక్కన పరిచినప్పుడు నాన్న మొదట చూసినది ముందు చక్రాల మధ్య దూరాన్ని. "ఇది బోగీ అనుకుంటున్నావా? కాదు" అన్నాడు. బయటివాళ్ళు రైలు పెట్టెనే బోగీ అంటారు గానీ, ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకు బోగీ అంటే పెట్టె కింద ఉండే నాలుగు చక్రాల చట్రం. పట్టాలు ఒంపు తిరిగినచోట ఆ చట్రం మొత్తం తన నడి కీలుమీద తిరుగుతుంది. ఈ కారులో అలా కాదు. నాలుగు ముందు చక్రాల్లో ప్రతి ఒక్కటీ తన చోటనే ఉండి తానుగా తిరగాలి. అది చెప్పి నాన్న చేయి కడుక్కోవడానికి లేచాడు. ఆ తరువాత ఆయన ఈ విషయంలో పెద్దగా కలుగజేసుకోలేదు.

అసలు చక్రాలు ఎందుకంత చిన్నవిగా చేశారన్నదానికి చిన్నాన్న చెప్పిన వివరణ నాకు ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కేవాడు ముందు పోయే లారీ వెనుక చేరతాడు, గాలిని లారీ చీల్చుకుంటూ పోతే వీడు తేలికగా పోతాడు. ఇక్కడ చక్రం కారు ముక్కు వెనుక చేరింది, అంతే. ఆనాటి నిబంధనల ప్రకారం కారు ముక్కుకు అడ్డంగా ఉండే ముందు రెక్క వెడల్పు ఒకటిన్నర మీటరుకు మించరాదు. మామూలు పదమూడు అంగుళాల రిమ్ముపై ఎక్కిన లావు టైర్లు ఆ రెక్కకు పైనా పక్కలా బయటికి పొడుచుకొని వచ్చి, గాలిని ఢీకొని, కారు ముక్కును పైకి లేపడానికి చూస్తాయి. చక్రాన్ని పది అంగుళాలకు కుదిస్తే అది ముక్కు చాటున ఒదిగిపోతుంది. అయితే చిన్న చక్రం రోడ్డును కరిచిపట్టే చోటు కూడా చిన్నదే. అందుకే రెండింటికి బదులు నాలుగు. నాలుగు చక్రాలుంటే ముందువైపే నాలుగు బ్రేకు డిస్కులు అమర్చవచ్చు, మలుపు ముంగిట ఇంకాస్త ఆలస్యంగా బ్రేకు తొక్కవచ్చు. ఇంజను మాత్రం అందరిదీ ఒకటే: మూడు లీటర్ల కాస్‌వర్త్ డీఎఫ్‌వీ, ఎనిమిది సిలిండర్లు. ఇంగ్లండు జట్లలో చాలావరకు అదే ఇంజనును కొనుక్కొని వాడేవి. అందరి చేతిలో ఉన్న గుర్రం ఒకటే అయినప్పుడు బండిలోనే ఏదో తేడా చూపించాలని గార్డ్‌నర్ అనుకున్నాడు.

ఇంత చెప్పిన చిన్నాన్నే బొమ్మను మళ్ళీ చూసి, "వెనక చక్రాలు ఎలాగూ అంతంత లావున బయటే ఉన్నాయి కదా, వాటికి తగిలే గాలి ఎక్కడికి పోతుంది?" అని సణిగాడు. ఏళ్ళ తరువాత ఆ కారు గురించి చదివిన ప్రతిచోటా ఆ ఆక్షేపణే కనిపించింది. తిన్నని దారిలో అనుకున్నంత వేగం పెరగకపోవడానికి కారణం ఆ వెనుక టైర్లే.

మా కొయ్య కారు తయారవడానికి నెలన్నర పట్టింది. ఒళ్ళు టేకు ముక్కతో, చక్రాలు వర్క్‌షాపులో మిగిలిపోయిన నల్లటి నైలాన్ కడ్డీ ముక్కలతో. కొలతలు ఎక్కడా లేవు. తెలిసినది ఒక్కటే, ముందు రిమ్ము పది అంగుళాలన్నది. చిన్నాన్న పక్కనుంచి తీసిన ఫొటోలో ఆ రిమ్మును వెర్నియరుతో కొలిచి, దానినే కొలబద్దగా పెట్టుకొని మిగతా కారంతా లెక్కగట్టాడు. ఫొటో కాస్త ఏటవాలుగా తీసినది కాబట్టి దూరంగా ఉన్న భాగానికి కొంత కలుపుకోవాలని కూడా ఆయనే చెప్పాడు. నాకు దామాషా లెక్కలు బడిలో కంటే ముందే ఆ పేజీమీద అర్థమయ్యాయి.

చిక్కంతా ముందు చక్రాలను తిప్పడం దగ్గరే వచ్చింది. మొదట నాలుగింటినీ ఒకే కోణంలో తిరిగేలా ఒక తీగతో కలిపాడు. నేలమీద తోసి మలుపు తిప్పగానే రెండో జత ఈడ్చుకుపోయేది. గచ్చుమీద నల్లటి చారలు పడేవి. చిన్నాన్న ఒక సాయంత్రమంతా సుద్దముక్కతో నేలమీద వృత్తాలు గీసి చూసి, కారు ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో గుర్తించి, ఆ బిందువుకు ప్రతి ఇరుసునుంచీ గీత కలిపాడు. ముందు జతకంటే రెండో జత వెనుక ఇరుసుకు దగ్గరగా ఉంది గనుక అది తక్కువ కోణం తిరగాలి. చిన్న లివరుకు బదులు పొడవైనది పెట్టగానే చారలు ఆగిపోయాయి. అసలు కారులోనూ స్టీరింగు ముందు జతకే బిగించి, అక్కడినుంచి ఒక మోచేతి లివరుతో రెండో జతను కదిలించారు. సర్రీలో ఒక అడితి షెడ్డులోనూ, పెరంబూరులో ఒక పెంకుటిల్లు వసారాలోనూ ఒకే లెక్క వేసుకోవలసి వచ్చిందన్నది నాకు ఇప్పటికీ సంతోషం కలిగించే విషయం.

ఆ కారుకు కిటికీలు ఉండేవి. గ్రాండ్ ప్రీ అనే ప్రపంచస్థాయి రేసుల్లో పరుగెత్తే కారుకు కిటికీలేమిటని ఎవరైనా అడగవచ్చు. నడిపేవాడు కూర్చునే తొట్టి గోడలకు ఇరుపక్కలా పారదర్శకమైన చిన్న పలకలు బిగించారు. ముందు చక్రాలు ఎంత చిన్నవంటే, మామూలుగా కూర్చున్నచోటునుంచి అవి డ్రైవరుకు కనిపించవు, ఈ కిటికీలోంచి చూసుకోవాలి. మా కారుకు నాన్న పాత ఎక్స్‌రే ఫిల్మును చిన్నాన్న వేడినీళ్ళలో కడిగి ముక్కలు కత్తిరించి అతికించాడు. రంగు విషయంలో మాత్రం ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. నాన్న తెచ్చిపెట్టగలిగినది రైలు పెట్టెలకు వేసే ముదురు ఎరుపు. అమ్మ నీలిమందు చాలదా అంది. చివరికి ప్యారీస్ కార్నరులో కొన్న చిన్న డబ్బా నీలం ఎనామెలుతో పని ముగిసింది.

ఇంతలో అసలు కారు పరుగులు మొదలుపెట్టింది. గ్రాండ్ ప్రీ ఫలితాలు మాకు చేరేదారి చాలా సన్ననిది. ఇంగ్లీషు దినపత్రిక ఆటల పేజీలో మంగళవారమో బుధవారమో, హాకీ లీగు వార్తల అడుగున నాలుగు వరుసలు వేసేవారు. కొన్నిసార్లు అవీ ఉండేవి కావు. మే 2న స్పెయినులోని హరామాలో పీ34 తొలిసారి పోటీలో దిగింది. జట్టు డ్రైవర్లిద్దరిలో ప్యాట్రిక్ డెపాయే ఒక్కడికే ఆ రోజు ఆ కారు ఇచ్చారు. అర్హత పరుగులో మూడో స్థానం తెచ్చుకున్నాడు గానీ, పోటీలో బ్రేకులు మొరాయించి మధ్యలోనే ఆగిపోయాడు. ఆ నెలాఖరున మొనాకోలో జోడీ షెక్టర్ రెండోవాడు, డెపాయే మూడోవాడు. పరిహాసమనుకున్నవాళ్ళు ఆ రోజుతో నవ్వడం మానుకొని ఉంటారు.

జూన్ 13న స్వీడనులోని ఆండర్‌స్టార్ప్‌లో జరిగిన పోటీ గురించి పత్రికలో చదివిన నాలుగు వరుసల కంటే, ఆ తరువాత మూర్ మార్కెట్టులో దొరికిన పత్రిక ద్వారానే ఎక్కువ తెలిసింది. షెక్టర్ అందరికంటే ముందు వరుసలో బయలుదేరాడు. లోటస్ కారులో మారియో ఆండ్రెటీకి, బయలుదేరే సంకేతం రాకముందే కదిలినందుకు అరవై సెకన్ల శిక్ష పడింది. అయినా ముందున్నది అతనే, కానీ మధ్యలో అతని ఇంజను పాడైంది. షెక్టర్ గెలిచాడు, వెంటనే డెపాయే, ఫెరారీలో నికీ లౌడా మూడోవాడు. ఆరు చక్రాల కారు గ్రాండ్ ప్రీ గెలవడం అదే మొదలు, అదే చివర. దూరంగా వంపు తిరుగుతూ పోయే ఆ దారి మలుపులు ఆ కారుకు అచ్చివచ్చాయని ఆ వ్యాసంలో రాశారు. నన్ను ఆకట్టుకున్న వివరం వేరొకటి: ఆ రేసు దారిలోని పొడవాటి తిన్నని భాగం నిజానికి విమానాలు దిగే రన్‌వే. అది చదివి చిన్నాన్న, "అయితే మన షోళవరం లాంటిదే" అన్నాడు.

షోళవరం మాటకు మళ్ళీ వస్తాను. ఆ ఏడాది దసరాకు కొయ్య కారు బొమ్మల కొలువులో కూర్చుంది. శెట్టి దంపతుల బొమ్మలకూ, తలూపే తంజావూరు బొమ్మకూ నడుమ, అడుగు మెట్టుమీద దానికి చోటిచ్చారు. పేరంటానికి వచ్చినవాళ్ళు శనగలు తీసుకుంటూ, "ఆరు చక్రాలేమిటమ్మా, లెక్క తప్పారా?" అనేవారు. అమ్మ ఎంతో గంభీరంగా, "ఇంగ్లండులో అట్లాగే ఉంటాయంట" అని చెప్పేది. ఒక ముసలావిడ మాత్రం లారీకీ ఆరే కదా అని తేల్చేసింది; ఆవిడ చెప్పినది నిజమే. ఆయుధపూజ రోజున చిన్నాన్న తన టూలు పెట్టెతోబాటు కారుకూ కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోయాడు. పిన్ని కారనగానే నాలుగు నిమ్మకాయలు తెచ్చి ఉంచింది. రెండు తక్కువయ్యాయి. వాటికోసం నన్ను చేతక్‌గారి ఇంటికి పంపారు. ఆయన స్కూటరుకు పెట్టగా మిగిలినవి ఇచ్చారు.

ఆ సీజను ముగిసేసరికి షెక్టర్ 49 పాయింట్లతో మూడో స్థానంలోనూ, డెపాయే 39తో నాలుగో స్థానంలోనూ నిలిచారు. జట్టుకు 71 పాయింట్లు వచ్చాయి. ప్రపంచ విజేత స్థానంకోసం జేమ్స్ హంట్, లౌడాల నడుమ జరిగిన పోరులో లోకమంతా మునిగి ఉన్న ఏడాది అది. ఆగస్టులో నూర్బుర్గ్‌రింగులో లౌడా మంటల్లో చిక్కుకున్నాడు, అయినా ఆరు వారాలకే తిరిగి వచ్చి కారెక్కాడు. ఆ గొడవలో పక్కనే నడుస్తూపోయిన నీలం కారును పట్టించుకున్నవాళ్ళు తక్కువ. షెక్టర్‌కు ఆ కారు నచ్చలేదు. ఆస్ట్రియాలో ముందు సస్పెన్షను విరిగి గోడకు కొట్టుకున్నాడు కూడా; సీజను అయిపోగానే వుల్ఫ్ జట్టుకు వెళ్ళిపోయాడు. డెపాయేకు మాత్రం అది ప్రాణం. కెనడాలో కారులోపల ఇంధనం కారి ముఖంమీద పడి, మత్తు కమ్ముతున్నా, రెండో స్థానంలో కారును గమ్యం దాటించాడు. నా మనసు అతనివైపే ఉండేది. జపానులోని ఫుజీలో అక్టోబరు 24న కుండపోత వానలో అతను మళ్ళీ రెండోవాడుగా వచ్చాడు. ఆ పోటీకి టైరెల్ జట్టువాళ్ళు కార్లమీద డ్రైవర్ల పేర్లు జపాను అక్షరాల్లో రాయించారు. ఆ ఫొటో చూసిన రోజున నేను సన్నటి కుంచెతో మా కారు కిటికీ పక్కన తెలుగులో 'డిపైలర్' అని రాశాను. అతని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూసి అలాగే పలకాలనుకున్నాను. తప్పు తెలిసేసరికి రంగు ఎండిపోయి చాలా ఏళ్ళయింది.

షోళవరం వెళ్ళినది ఆ మరుసటి కాలంలో, ఒక ఫిబ్రవరి నెలలో. మద్రాసునుంచి నెల్లూరుకు పోయే కలకత్తా రోడ్డుమీదనే, రెడ్ హిల్స్ చెరువు దాటాక, రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేసిన విమానాల రన్‌వే అది. సెలవులకు ఊరికి పోయే బస్సులోంచి ఎన్నోసార్లు దాటిపోయిన చోటే. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువాళ్ళు ఏటా అక్కడ పోటీలు నడిపేవారు. చిన్నాన్న ఒకరికి ఇంజను పనిలో సాయం చేస్తున్నాడు గనుక మాకు లోపలికి పోయే వీలు దొరికింది. గడ్డిమోపుల గోడలు, సరుగుడు గుంజలకు కట్టిన తాళ్ళు, ఎండలో కరిగి మెరిసే తారు, మండిన ఆముదపు నూనె వాసన. ఫియట్‌లు, హెరాల్డ్‌లు, వాటి ఇంజన్లనే ఒళ్ళు వొలిచి అమర్చుకున్న సొంత తయారీ రేసు కార్లు. ఎవరి చేతిలోనూ దండిగా డబ్బు లేదు. విడిభాగాలకోసం పడే పాట్లే సగం పోటీ. చిన్నాన్న సాయం చేస్తున్న కారుకు వెనుక టైర్లు అరిగిపోయి గుండుగా ఉన్నాయి. ఇంజను మాత్రం అద్భుతంగా పలుకుతోంది. మూడో చుట్టులో మలుపు దగ్గర ఆ కారు గిర్రున తిరిగి గడ్డిమోపులోకి పోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కారును తోసుకుంటూ తెచ్చాక చిన్నాన్న ఆ టైరుమీద అరచేయి ఆనించి, వెంటనే వెనక్కు తీసుకొని, నాతో అన్నాడు: "ఇంజను మనం చేసుకోవచ్చు అబ్బయ్యా, గేరు పళ్ళు కోసుకోవచ్చు, ఒళ్ళు మడుచుకోవచ్చు. టైరు మాత్రం ఇంకొకడు పోసి ఇస్తేనే."

పీ34 కథ నాకు పూర్తిగా అర్థమైనది ఆ మాటతో. 1977లో షెక్టర్ స్థానంలో రోనీ పీటర్సన్ వచ్చాడు. కారు ఒళ్ళు మార్చారు, ఇంజను కనిపించకుండా కప్పేశారు, బరువు పెరిగింది. నీలం పక్కన తెలుపు వచ్చి చేరింది. కానీ ఫలితాలు అడుగంటాయి. ఆ రోజుల్లో దాదాపు జట్లన్నిటికీ టైర్లు ఇచ్చేది గుడ్‌ఇయర్. మిగిలిన జట్లన్నీ వాడే ముందు టైరు ఒక కొలత, టైరెల్ ఒక్కటే వాడేది పది అంగుళాల కొలత. వెనుక టైర్లు అందరితోబాటు నెలనెలా మెరుగుపడుతూ పోయాయి. ముందరి చిన్న టైరు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. వెనుక పట్టు పెరిగి, ముందు పట్టు పెరగకపోతే కారు మలుపు తిరగక తిన్నగా పోవడానికి చూస్తుంది. పైగా అదే వేగానికి చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరగాలి, ఎక్కువ వేడెక్కాలి. ఒక్క కారుకోసం అంత పెద్ద సంస్థ కొత్త రబ్బరు కనిపెడుతూ కూర్చోదన్నది లోకం తెలిసినవాళ్ళకు వింత కాదు. పదమూడేళ్ళ నాకు మాత్రం అది ఘోరమైన అన్యాయంగా తోచింది.

ఆ పట్టును ఎలాగైనా తెచ్చుకోవాలని జట్టువాళ్ళు ముందు చక్రాల మధ్య వెడల్పును పెంచుకుంటూ పోయారు. 1978 మొదట్లో మూర్ మార్కెట్టులో మాకు దొరికిన పత్రికలో ఆ ఫొటో ఉంది. పాత ఫొటోను పక్కన పెట్టి స్కేలుతో కొలిచాను. చక్రాలు ముక్కు చాటునుంచి బయటికి వచ్చేశాయి. చిన్నాన్నకు చూపించాను. ఆయన కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకొని చాలాసేపు చూశాడు. "దాచిపెట్టడానికే కదా చిన్నవి చేసింది" అన్నాడు. "బయట పెట్టుకున్నాక చిన్నవెందుకు?" ఇంతకంటే సూటిగా చెప్పిన విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

1977లో ఆ కారుకు ఒక్క గెలుపూ లేదు. ఏడాది మొత్తంమీద జట్టుకు వచ్చినవి 27 పాయింట్లు. కెనడాలో డెపాయే రెండో స్థానం, బెల్జియంలో పీటర్సన్ మూడో స్థానం, ఇలా వేళ్ళమీద లెక్కబెట్టేంత. ఆఖరి పోటీ అక్టోబరు 23న మళ్ళీ ఫుజీలోనే జరిగింది. అందులో జిల్ విల్‌నవ్ నడుపుతున్న ఫెరారీ పీటర్సన్ కారు వెనుకకు తగిలి గాలిలోకి లేచి, నిలబడకూడనిచోట నిలబడి ఉన్నవాళ్ళమీద పడింది, ఇద్దరు చనిపోయారు. డెపాయే మూడోవాడుగా పోటీ ముగించాడు. ఆ తరువాత పీ34 గ్రాండ్ ప్రీలో కనిపించలేదు. గార్డ్‌నర్ అప్పటికే జట్టును వదిలిపెట్టాడు. 1978లో మారిస్ ఫిలిప్ గీసిన నాలుగు చక్రాల కారుతో డెపాయే మొనాకోలో గెలిచాడు. అదే ఏడాది సెప్టెంబరులో మోంజా ప్రమాదం పీటర్సన్‌ను బలిగొంది. 1980 ఆగస్టు 1న హాకెన్‌హైములో సాధన చేస్తూ డెపాయే మరణించాడు. ఆ వార్తకు పత్రికలో దొరికిన చోటు ఎప్పటిలాగే కొద్ది వరుసలు. మార్చ్, విలియమ్స్ జట్లు కూడా ఆరు చక్రాల కార్లు కట్టాయి గానీ, వాటిలో నాలుగు చక్రాలు పెట్టినది ముందు కాదు, వెనుక. అవి ఏ గ్రాండ్ ప్రీలోనూ దిగలేదు. 1983నుంచి కారుకు నాలుగే చక్రాలుండాలని నిబంధన వచ్చింది.

1985లో మూర్ మార్కెట్టు కాలిపోయింది. నేను అప్పటికి గిండీలో ఒక డ్రాయింగు ఆఫీసులో చేరి ఉన్నాను. మరునాడు సాయంత్రం అటు వెళ్ళి చూస్తే, తడిసిన బూడిదలో కాగితపు కట్టల అంచులు ఇంకా పొగలు వదులుతున్నాయి. గూడూరు ఆయన కనిపించలేదు. మా దగ్గరున్న పత్రికలు ఇళ్ళు మారడంలో ఒక్కొక్కటిగా పోయాయి, కొయ్య కారు మాత్రం అట్టపెట్టెలో బొమ్మలతోబాటు ప్రయాణం చేస్తూ వచ్చింది. చిన్నాన్న పని మానేసి పిన్నితో నెల్లూరు వెళ్ళి స్థిరపడ్డాడు.

2000 సంవత్సరం చివర్లో, అడయారులోని ఒక బ్రౌజింగ్ సెంటరులో గంటకు డబ్బు కట్టి కూర్చొని, వేరే పనిమీద ఏదో వెతుకుతుండగా పీ34 పేరు కంటబడింది. పాత గ్రాండ్ ప్రీ కార్ల కోసం ప్రత్యేకంగా నడిపే పోటీల్లో అది మళ్ళీ పరుగెత్తుతోంది. మార్టిన్ స్ట్రెటన్ అనే ఆయన దాన్ని నడిపి ఆ ఏడాది మొత్తం పోటీల పరంపరనే గెలిచాడు. అది సాధ్యమైనది ఏవన్ అనే టైర్ల సంస్థ పది అంగుళాల టైరును ఆ కారుకోసమే పనిగట్టుకొని తయారుచేసి ఇవ్వడంవల్ల.

ఆ రాత్రి ఎస్టీడీ బూత్‌నుంచి నెల్లూరుకు ఫోను చేశాను. చిన్నాన్నకు అప్పటికే చెవులు మందగించాయి. రెండుసార్లు గట్టిగా చెప్పవలసి వచ్చింది. ఎవరు నడిపారని అడుగుతాడనుకున్నాను. ఆయన అడగలేదు.

"టైరెవరు పోశారు?" అన్నాడు.

చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. బూత్‌లో ఎర్రటి అంకెలు మారుతూపోతున్నాయి. ఆ తరువాత రిసీవరును పక్కకు పట్టుకొని ఇంట్లోకి కేకవేయడం వినిపించింది.

"ఏమే, మన కొలువులో పెట్టిన కారు గెలిచిందంట!"

లోపలినుంచి పిన్ని గొంతు సన్నగా, కానీ స్పష్టంగానే వచ్చింది. "ఏది, నిమ్మకాయలు చాలనిదా?"